రుష్దీ గారికి పడని మాట

రుష్దీ ఖాకీష్ గారికి లోకంలో పడని మాట ఒక్కటే. అది 'వగైరా'. మొహం మీద తిట్టండి, నవ్వి ఊరుకుంటారు. గంట ఆలస్యంగా రండి, కుర్చీ చూపిస్తారు. మాట చివర 'వగైరా' అన్నారో, కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కుతుంది, చేతిలోకి పెన్సిలు వస్తుంది. "వగైరా అంటే ఏమేమిటో సెలవిస్తారా?" అంటారు. ఆ జాబితా మొత్తం చెప్పేదాకా ఆయన కదలరు, మిమ్మల్ని కదలనివ్వరు.

ఆయన పక్క బల్ల దగ్గర పదకొండేళ్లు టైపు కొట్టినదాన్ని కనక ఈ మాట నేను చెప్పొచ్చు. అమ్మాన్‌లో, షుమైసానీలో, మా యజమాని హిక్మత్ బేకి, అంటే హిక్మత్ దొరగారికి, ఏడంతస్తుల భవనం ఉండేది. కంపెనీలకి ఆఫీసులు అద్దెకిచ్చేవాళ్లం. గోడలతోపాటు బల్లలు, టెలిఫోన్లు, ఫ్యాక్సు, జనరేటరు, ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు, టీ కాచేవాళ్లు అందరూ మావాళ్లే. అద్దెకి వచ్చినవాడు చేతిసంచీ తెచ్చుకుంటే చాలు. వీటన్నిటికీ కాంట్రాక్టు రాసేది రుష్దీ గారు. ఊళ్లో ఇలాంటి కాంట్రాక్టులు తొమ్మిది పేజీలుంటాయి. మావి నలభై రెండు.

ఆ ముప్పై మూడు పేజీల తేడా అంతా 'సహాయక సేవలు' అనే భాగంలోనే. మిగతావాళ్లు "శుభ్రత, కాపలా, టీ, వగైరా" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. రుష్దీ గారు గచ్చు దగ్గర మొదలుపెడతారు. తడిగుడ్డా, పొడిగుడ్డా? రోజుకెన్నిసార్లు? మూలలతో కలిపా, మూలలు వదిలేసా? తలుపు వెనక భాగానికి విడిగా ఒక పేరా.

"తలుపు వెనక ఎవరు చూస్తారండీ?" అన్నాను ఒకసారి, వేళ్లు నొప్పెట్టి.

"ఎవరూ చూడరు కనకే రాయాలి. కొట్టమ్మా రిహాబ్, కొట్టు."

రెండో అంతస్తు తీసుకున్న దంతవైద్యుడు మా కాంట్రాక్టు చదవడానికి మూడు రోజులు తీసుకున్నాడు. నాలుగో రోజు వచ్చి సంతకం పెట్టి, కలం రుష్దీ గారి చేతికిస్తూ, "నేను పళ్లే పీకుతాను ఉస్తాద్. మీరు ప్రాణం తోడేస్తారు," అన్నాడు. రుష్దీ గారు దాన్ని మెచ్చుకోలు అనుకుని వారం రోజులు అందరికీ చెప్పుకున్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన కూతుర్ని అడగడానికి మగపెళ్లివాళ్ల తరఫున మాదబా నుంచి పాతికమంది పెద్దలు వచ్చారు. కాఫీ పోశారు. పిల్లనిస్తామని మాట వచ్చేదాకా ఆ కాఫీ ఎవరూ ముట్టరు కదా. అందరిలోకీ పెద్దాయన లేచి, "మీ అమ్మాయికి మా ఇంట్లో ఏ లోటూ ఉండదు. వేరు కాపురం, మంచి సామాను, వగైరా..." అన్నాడు. అంతే. రుష్దీ గారి కళ్లజోడు పైకి వెళ్లింది.

"వగైరా అంటే?"

పాతికమంది ముందు పాతిక కప్పుల కాఫీ చల్లారిపోతోంది. పక్కగదిలోంచి ఆయన భార్య గొంతు వినపడింది. "ఏమయ్యా, పిల్లకి పెళ్లి చేస్తున్నావా, గోడౌను అద్దెకిస్తున్నావా?"

పెద్దాయన పాపం కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటూ చెప్పాడు. బట్టలుతికే మిషను దగ్గర కాస్త తడబడ్డాడు. రుష్దీ గారు దాన్నీ రాసుకున్నారు. కవల పిల్లలు పుట్టినప్పుడు ఆ కూతురు నాతో, "మా నాన్న పరువు తీశాడనుకున్నానే రిహాబ్. ఇప్పుడు రోజూ ఆ మిషను వేస్తూ దండం పెట్టుకుంటున్నాను," అంది.

ఇక మా లిఫ్టు సంగతి. అది బొత్తాం నొక్కితే దానంతటదే నడిచే లిఫ్టు. అయినా అందులో ఒక ఎత్తుపీట, ఆ పీట మీద అబూ గాలిబ్ ఉండేవాడు. చేత్తో తిప్పే పాత లిఫ్టు రోజుల్లో చేరాడు. కొత్తది వచ్చాక అతన్ని పొమ్మనడానికి హిక్మత్ బేకి నోరు రాలేదు. అరవై దాటాడు. మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమ చెవి వినపడదు, కుడి చెవి తనకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. ఎక్కినవాళ్ల ఊరు, వంశం, పిల్లల చదువులు కనుక్కోవడమే అతని ఉద్యోగం. పెన్షన్ రావడానికి ఇంకా పద్నాలుగు నెలలు సర్వీసు కావాలని కూడా ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అతనికీ రుష్దీ గారికీ ఉప్పూ నిప్పూ.

"పైకేనా?" అనేవాడు అబూ గాలిబ్.

"పైకి అంటే ఎన్నో అంతస్తు?"

"ఇరవై ఏళ్లుగా నాలుగో అంతస్తుకే కదయ్యా మీరు వెళ్లేది!"

"ఇవాళ కూడా అక్కడికే అని నేను చెప్పానా?"

"దేవుడా, ఈ మనిషికి మెట్లు చూపించు!"

రోజూ పొద్దున్న ఇది అయ్యాకే మా ఆఫీసు తెరుచుకునేది.

ఆ ఏడు మాకు కష్టకాలం. పై మూడంతస్తులూ ఖాళీగా పడి ఏడాదైంది. ఒక విదేశీ బీమా కంపెనీ మూడూ కలిపి తీసుకుంటామంది. హిక్మత్ బే మొహాన చాన్నాళ్లకి నవ్వు కనిపించింది. ఆ కంపెనీ ఇంజనీరు భవనం చూడటానికొచ్చి లిఫ్టెక్కాడు. అబూ గాలిబ్ తన బావమరిది ట్రాక్టరు బావిలో పడ్డ కథ మొదలుపెట్టాడు. ట్రాక్టరు ఇంకా బావిలో ఉండగానే ఐదో అంతస్తు వచ్చేసేలా ఉంది. అందుకని మధ్యలో లిఫ్టు ఆపేశాడు. ట్రాక్టరు పైకి వచ్చాకే ఇంజనీరూ పైకి వెళ్లాడు.

మర్నాడు ఫ్యాక్సులో నివేదిక వచ్చింది. భవనం బాగుంది, జనరేటరు బాగుంది, లిఫ్టులో మనిషి అనవసరం.

హిక్మత్ బే మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. "చూడు రుష్దీ, వాళ్లు ఫలానావాణ్ణి తీసెయ్యమని కాంట్రాక్టులో రాయలేదు. సహాయక సేవలు అని నాలుగు పేర్లు రాసి, కింద 'వగైరా' పెట్టారు. దాన్ని అలాగే ఉండనీ. ఆ తర్వాతది నేను చూసుకుంటా."

ఆ తర్వాతది ఏమిటో ఆయన చెప్పలేదు. కానీ నేలకేసి చూస్తూ అన్నారు. నాకు అర్థమైంది.

రుష్దీ గారు మాత్రం కళ్లజోడు పైకి నెట్టారు. "వగైరా ఉన్న కాయితం నా బల్ల దాటి వెళ్లదు బే."

"నీ చాదస్తంతో నా మూడంతస్తులూ ముంచకు! గురువారం పన్నెండింటికి సంతకాలు. ఒక్క నిమిషం దాటిందా, ఎదుటి భవనానికి పోతారు వాళ్లు. తెలుసా?"

"పన్నెండు అంటే మీ గడియారంలోనా, వాళ్ల గడియారంలోనా?"

హిక్మత్ బే తల పట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ ఒక ముసలాయన ఉద్యోగం పోతోంది, ఈయనకి ఒక్క మాట మీద పట్టుదల. ఆ సాయంత్రం ఆయనకి టీ ఇవ్వకుండానే ఇంటికి వెళ్లిపోయాను.

గురువారం తొమ్మిదింటికి బీమా కంపెనీ తరఫున లాయరు దీమా వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, చురుకైన పిల్ల. కోర్టులో పెద్దపెద్దవాళ్లకి చెమటలు పట్టించిందని పేరు. రుష్దీ గారు ఆమె ముందు ఒక జాబితా పెట్టారు. 'వగైరా' ఉన్నచోట నలభై ఒక్క అంశాలు.

"ఇదేమిటి ఉస్తాద్?"

"మీ వగైరా, అమ్మా. విప్పి చూపించాను."

దీమా చదవడం మొదలుపెట్టింది. మూడో అంశం దగ్గర ఆగింది. "టీలో మర్యమియా ఆకులు, గ్లాసుకి రెండు. ఇది కాంట్రాక్టులో ఎందుకండీ?"

"ఒక్క ఆకు వేస్తే ఎవరిది పూచీ?"

"ఎవరిదీ కాదు! టీ తాగేస్తాం!"

"అలా తాగేసే గొడవలు తెచ్చుకున్నారు జనం."

అరగంట వాదించి రుష్దీ గారు ఆకులు వదులుకున్నారు. వదులుకుంటూ, సొంత పొలం అమ్ముకున్నంత దిగులుగా మొహం పెట్టారు. ఆ తర్వాత ఫ్యాక్సు మిషను మీద కప్పే గుడ్డ. అదీ వదులుకున్నారు. కిటికీ అద్దాలు బయటివైపు ఎవరు తుడవాలి? మెట్ల దగ్గర కాలు తుడుచుకునే పట్టా ఎన్ని నెలలకోసారి మార్చాలి? ఒక్కొక్కటీ పోట్లాడటం, ఒక్కొక్కటీ ఓడిపోవడం. పది దాటింది. పదకొండు దాటింది. తలుపు సందులోంచి హిక్మత్ బే తొంగి చూసినప్పుడల్లా మొహం ఒక రంగు మారుతోంది.

పదకొండున్నరకి ఐదో అంతస్తు వరండాలో ఉన్న కుండీ దగ్గరికొచ్చారు. అందులో మొక్కకి వారానికి రెండుసార్లు నీళ్లు పొయ్యాలని అంశం ముప్పై ఆరు. రుష్దీ గారు దాని కోసం ప్రాణం పెట్టి పోరాడారు. బల్ల గుద్దారు. "పచ్చటి మొక్క, వచ్చేపోయేవాళ్లు చూస్తారు!" అన్నారు.

దీమా రెండు చేతులూ ఎత్తింది. "ఉస్తాద్, కాళ్లు పట్టుకుంటాను. మొక్క నా వల్ల కాదు. మా వాళ్లు నవ్వుతారు."

"అయితే మొక్క కూడా వదిలేశాను. నాకు దాని కింది అంశమైనా ఇవ్వండి. పొద్దున్నించీ అన్నీ నేనే వదులుకుంటున్నాను."

"ఏమిటది?" ఆమె చేతి గడియారం చూసుకుంటూ చదివింది. "లిఫ్టులో పీట మీద కూర్చుని పనిచేసే మనిషి. ఇప్పుడు ఆ పనిలో ఉన్నవారే. రెండేళ్లు. ఆ... లిఫ్టు దానంతటదే నడుస్తుంది కదండీ?"

"నడుస్తుంది."

ఆమె ఆయన్ని చూసింది. తర్వాత ఆమె కలం తీసి పక్కన టిక్కు పెట్టింది. "సరే. మీ లిఫ్టు మనిషిని మీరే ఉంచుకోండి. మొక్కని మాత్రం మళ్లీ ఎత్తారంటే నేను కిటికీలోంచి దూకుతాను."

పన్నెండుకి ఎనిమిది నిమిషాలు ఉండగా సంతకాలు అయిపోయాయి. జాబితా పెద్దగా చదివే ఓపిక హిక్మత్ బేకి కూడా లేదు. కలం ఇవ్వగానే పెట్టేశారు. ఇక రెండేళ్లు అబూ గాలిబ్‌ని ఆయనే తీసెయ్యాలన్నా తీసెయ్యలేరు. ఆ సంగతి సోమవారం చదువుకుని కాసేపు అరిచారు. తర్వాత ఎందుకో ఆయన మొహం కూడా తేలికపడింది.

కాయితాలు సర్దుతూ రుష్దీ గారి చిత్తుప్రతి తీశాను. నలభై ఒక్క అంశాల పక్కనా పెన్సిలు గుర్తులున్నాయి. బుధవారం నాటివి. నలభై అంశాలకి కొట్టివేత. ముప్పై ఏడో అంశానికి, లిఫ్టు మనిషికి, మాత్రం చుట్టూ సున్నా.

"ఉస్తాద్," అన్నాను, "మొక్క కోసం పావుగంట పోట్లాడారు."

"అవును."

"నిన్ననే కొట్టేశారు కదా దాన్ని."

"అది ప్లాస్టిక్ మొక్కమ్మా," అన్నారు ఆయన, కళ్లజోడు తుడుచుకుంటూ. "నీళ్లు పోస్తే వరండా పాడవుతుంది."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లొచ్చాయి.

"మొన్న బే గదిలోనే అబూ గాలిబ్ పేరెత్తి అడగొచ్చు కదండీ?"

"అడిగితే అది దయ అయ్యుండేది. దయ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు." పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. "చూడు రిహాబ్, పేరు రాసి ఉన్నవాణ్ణి తీసెయ్యాలంటే ఎవరో ఒకరు కలం పట్టుకుని ఆ పేరు కొట్టెయ్యాలి. చాలామందికి చెయ్యి రాదు. వగైరాలో ఉన్నవాడికి ఆ కష్టం కూడా ఎవరూ పడక్కర్లేదు. మా నాన్న రైల్వేలో వగైరాలో ఉండేవాడు." పెన్సిలు చెక్కుకోవడంలో పడిపోయారు.

ఇంటికి వెళ్లేముందు పాత కాంట్రాక్టుల బీరువా తీసి చూశాను. నేను పదకొండేళ్లుగా విసుక్కుంటూ కొట్టిన పేజీలే. తలుపు వెనక భాగం తుడవడానికి వారానికి మూడు గంటలని రాసిన పేరా ఉంది. ఆ మూడు గంటలతోనే మా ఊడ్చే ఉమ్మ్ సాబిర్‌కి పూర్తి జీతం ఉద్యోగం అయింది. అలాంటివి ఆరు దొరికాయి. ఏడోది వెతకకుండా బీరువా మూసేశాను. సోమవారం ఆయనకి టీ నేనే పెట్టి ఇచ్చాను. అబూ గాలిబ్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.

అబూ గాలిబ్‌కి తన కాంట్రాక్టు సంగతి సగమే తెలిసింది, అది కూడా తప్పుగా.

"విన్నావా అమ్మాయ్?" అన్నాడు నేను లిఫ్టెక్కగానే. "మీ రుష్దీ నా మీద కక్ష తీర్చుకున్నాడు! పీట మీద కూర్చునే పనిచెయ్యాలని రాశాడట. లేచి నిలబడే హక్కు కూడా లేదు నాకు! ఏం చేశానని ఆ మనిషికి?"

"ఏమో మామా, ఆయన అంతే," అన్నాను.

పద్నాలుగు నెలలు తిట్టుకుంటూ కూర్చున్నాడు. పెన్షన్ కాయితం చేతికొచ్చిన రోజు పెద్ద పళ్లెం నిండా కునాఫా మిఠాయి తెచ్చి ఏడంతస్తులూ తిరిగి పంచాడు. చాదస్తం మనిషికి ఇంతే చాలని రుష్దీ గారికి మాత్రం ఒక మూల విరిగిన చిన్న ముక్క పెట్టాడు.

రుష్దీ గారు నిలబడే తిన్నారు. వేళ్లకంటిన పాకం కూడా వదలకుండా నాకి, "చాలా బాగుంది అబూ గాలిబ్," అన్నారు.

"బాగుండక ఏం చేస్తుంది?" అన్నాడు అబూ గాలిబ్, పళ్లెం నా వైపు తిప్పుతూ. "ఉత్తినే వచ్చింది కదా!"