‘ఏం లేదు’ అనని చెవి

2023 వానాకాలం. శ్రీకాకుళంలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి, మేడ మీద కౌన్సెలింగ్ గది. గోడకి చెవి లోపలి భాగాల బొమ్మ, బల్ల మీద పిల్లల వినికిడి పరీక్షకి వాడే ప్లాస్టిక్ డప్పు, తలుపు పక్కన నేను. నా ఉద్యోగం సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్. బధిరులు చేతులతో చెప్పేదాన్ని నోటితోనూ, వినేవాళ్ళు నోటితో చెప్పేదాన్ని చేతులతోనూ అందించేవాణ్ణి. మా ఇంట్లో వాగుడుకాయని నేనే. సగం పని నోరు మూసుకుని చేసే ఉద్యోగం నాకు వచ్చిందని తెలిసి మా అమ్మ మొక్కు తీర్చుకోడానికి రామతీర్థం వెళ్ళొచ్చింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మాలాంటివాళ్ళు తక్కువ. అందుకని బ్యాంకు, పోలీసు స్టేషన్, పెళ్ళిచూపులు, ప్రసవం, అన్నిటికీ పిలుస్తారు. ప్రసవానికి వెళ్తే మర్యాదగా తెర ఇవతల నిలబెట్టారు. తెర వెనక ఇంటర్‌ప్రెటర్ అంటే రేడియోలో మూకాభినయం.

మా పనికి రెండు నియమాలున్నాయి. బధిర వ్యక్తి ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే చెప్పాలి. ‘ఈవిడేమంటున్నారంటే’ అని మధ్యలో దూరకూడదు. రెండోది, గదిలో ఎవరు ఏ మాటన్నా చేతుల్లోకి రావాలి. పక్కకి తిరిగి గొణిగినా సరే. ఈ రెండూ మొదట్లోనే అందరికీ చెప్తాను. అందరూ తలూపుతారు. ఎవరూ నమ్మరు.

ఆ రోజు వచ్చిన కుటుంబం ఆమదాలవలస నుంచి. శ్రీను రైస్ మిల్లులో పనిచేస్తాడు. మిల్లు మోతకి మిగతావాళ్ళు చెవుడు తెచ్చుకుంటారు. అతను పుట్టుకతోనే తెచ్చుకుని చేరాడు. భార్య సునీతకీ వినపడదు. విజయనగరంలో బధిరుల బడి హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదువుకుంది. వాళ్ళ రెండేళ్ళ పాప జానుకీ వినపడదని పరీక్షల్లో తేలింది. ఆ ఇంట్లో వినపడేది ఒక్కరికే, శ్రీను తల్లి సింహాచలమ్మకి. పాపకి కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలని పట్టుబట్టి అందరినీ బస్సెక్కించి తెచ్చింది ఆవిడే.

ఇంప్లాంట్ అంటే చెవి వెనక చర్మం కింద ఒక చిన్న పరికరం అమర్చి, దాని సన్నని తీగని లోపలి చెవిలోకి పంపుతారు. బయట ప్రాసెసర్ అయస్కాంతంతో తలకి అంటుకుని ఉంటుంది. అది శబ్దాన్ని పట్టి లోపలికి పంపితే, వినికిడి నరానికి విద్యుత్ సంకేతాలుగా అందుతుంది. పెట్టిన మర్నాటికే పిల్ల సుప్రభాతం పాడదు. కొన్నేళ్ళు వినడం నేర్పాలి, మాట్లాడడం నేర్పాలి. ఇదంతా ఆడియాలజిస్ట్ మేడమ్, అంటే వినికిడి నిపుణురాలు, ఓపిగ్గా చెప్తున్నారు. నా చేతులు ఆడుతున్నాయి. మధ్యలో సింహాచలమ్మ అడ్డొచ్చింది.

“అమ్మా, ఈల్లకేటి తెలుస్తాది? ఇద్దరూ మొద్దు మొకాలు. మీరు సంతకం ఎక్కడ ఎట్టాలో సూపించీండి, నాను ఎట్టించేస్తాను.”

నా చేతులు ఆగలేదు. ‘మొద్దు మొకాలు’ దగ్గర మాత్రం, ఏ సైగ వాడితే సరిగ్గా అంత మొరటుగా ఉంటుందా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను. వృత్తి ధర్మం కదా.

శ్రీను తల దించుకున్నాడు. సునీత దించుకోలేదు. అత్తగారి వైపు తిరిగి, గదిలో అందరికీ కనపడేలా చేతులు ఎత్తింది. నేను గొంతు సవరించుకున్నాను.

“అత్తమ్మా, నన్ను అడక్కుండా నా కూతురి తల తెరవడానికి వీల్లేదు. నేను కన్నాను దాన్ని.”

సింహాచలమ్మ నా మీసాల వంక చూసింది.

“ఏట్రా బాబూ? నువ్వు కన్నావేటి?”

“నేను కాదమ్మా, మీ కోడలు. ఆవిడ చేతులు చెప్తున్నాయి, నా నోరు పలుకుతోంది.”

“మరి నానన్నమాట దానికెవులు సెప్పీసినారు?”

“నేనే.”

“ఓలమ్మో! ఎదురుగా నిలబడి ఎంత ఎదవ పని సేసినావురా!”

అదీ సైగల్లోకి వెళ్ళింది. మేడమ్ కాగితాల వెనక నవ్వు దాచుకున్నారు. సునీత మాత్రం నవ్వలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ముందు ఏమేం మాట్లాడుకున్నారో, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని లెక్క కడుతున్నట్టుంది.

మేడమ్ సర్దుకుని అసలు విషయానికొచ్చారు. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్ళు పాపతో సైగలు మానేయాలని, చేతులు కట్టుకుని మాటతోనే పిలవాలని, అప్పుడే చెవి పనిచేయడం నేర్చుకుంటుందని తమ దగ్గర చెప్తామన్నారు. ఈ విషయంలో నిపుణుల్లో రెండు అభిప్రాయాలున్నాయని కూడా ఆవిడే ఒప్పుకున్నారు. నేను సైగల్లో ‘సైగలు మానేయాలి’ అని చెప్పాను. ఇంత ఇబ్బందికరమైన వాక్యం నా చేతులమీదుగా అంతకుముందు వెళ్ళలేదు.

సునీత మెల్లగా మొదలుపెట్టింది.

“మా బడిలో చేతులు ఆడిస్తే స్కేలుతో కొట్టేవారు. టీచరు గొంతు మీద చెయ్యి పెట్టించి, అద్దంలో పెదాలు చూపించి, ‘పా’ అనమనేవారు. రాత్రి హాస్టల్లో పెద్దక్కల దగ్గర సైగలు నేర్చుకున్నాను. నాకు లోకం తెలిసింది అక్కడే. బడిలో పదేళ్ళకి నోటితో ‘పాప’ అనడం వచ్చింది. ఇప్పుడు నా పాపని అలా పిలుస్తాను. అది తిరిగి చూడదు.”

ఇది నా గొంతుతో చెప్పాలి. పైగా నాకు ముక్కు దురద పెడుతోంది. గోకితే ఏదో సైగ అయి కూర్చుంటుందని ఓర్చుకున్నాను. కళ్ళలో నీళ్ళు ఆ దురదవల్లేనని ఇప్పటికీ చెప్తుంటాను.

“అమ్మా, ఆపరేషన్ వద్దంటున్నారా?” అని అడిగారు మేడమ్.

“వినపడితే మంచిదే. నాకు భయం దేనికంటే,” అని సునీత ఆగింది. అరచేతిని గాలిలో తేలిగ్గా విదిలించింది. “ఇది.”

ఆ విదిలింపుని తెలుగులో ‘ఏం లేదు’ అనవచ్చు. ‘నీకెందుకులే’, ‘తర్వాత చెప్తాలే’ కూడా అందులోనే ఉంటాయి. బధిరుల్ని ఎవర్నడిగినా ఈ సైగ గురించి చెప్తారు. పెళ్ళిలో అందరూ విరగబడి నవ్వుతారు. ఏమైందని అడిగితే అరచెయ్యి విదిలిస్తారు. చావింట్లో అందరూ ఏడుస్తారు. ఎలా పోయాడని అడిగినా అదే చెయ్యి.

“మా అమ్మ నాకు ఇలా అంది. మా అన్న అన్నాడు,” అంది సునీత. “జాను బడికెళ్తుంది. నేస్తాలతో మాట్లాడి నవ్వుతుంది. ఎందుకమ్మా నవ్వారని నేనడిగితే, అదీ ఇలాగే చెయ్యి విదిలిస్తుంది. ఇప్పుడది నా చేతులే చూస్తుంది. రేపు నా కూతురు కూడా నాకు అటువైపు మనిషైపోతే నేను బతకలేను. మేడమ్, ఇలా అనని చెవి మీ దగ్గరుందా?”

మేడమ్ బొమ్మ వైపు చూశారు, అందులో ఏమైనా దొరుకుతుందేమో అన్నట్టు. “లేదమ్మా,” అన్నారు. “నేను పెట్టించగలిగేది చెవి వరకే.”

జాను ఈలోపు డప్పు తీసుకుని దబదబా వాయించింది. ఆ గదిలో దాన్ని ఆనందించగలిగింది తనొక్కతే.

అప్పుడు సింహాచలమ్మ, ఎవరితోనూ కానట్టు అంది: “మరి నాకో?”

“మీకేంటమ్మా?” అని అడిగారు మేడమ్.

“ఈడు పుట్టిన కాడి నుండీ నాకు ఈడి కడుపులో మాట తెల్దు. తిండి, నిద్ర, డబ్బులు, అంతే నాకొచ్చిన సైగలు. ఈ పిల్ల కోడలుగా వొచ్చినాది. ఇద్దరూ లైటు కింద కూకోని సేతులాడించుకోని నవ్వుకుంతారు. ఏట్రా అయ్యా, ఏటైనాదని అడుగుతాను.” ఆవిడ కూడా అరచెయ్యి విదిలించింది, అచ్చం సునీతలాగే. “ఇలగంతాడు నా కొడుకు. నా కొంపలో నాను ఎవుల్ని మరి? రేపు ఈ గుంట కూడా ఆల్లతో కలిసి సేతులాడించి నాకు ఇలగే అంతాది. అందుకే తెచ్చినానమ్మా, ఇది ఒక్కతైనా నాతో మాటాడతాదని.”

ఇది మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, చేతుల్లోకి తెచ్చాను. శ్రీను మొదటిసారి తల ఎత్తాడు. “చెప్పాలంటే గంట పడుతుంది. నీకు సైగలు రావు. అందుకని...” అని తల్లికి సమాధానం మొదలుపెట్టాడు. సునీత అతని చేతులు పట్టుకుని ఆపింది.

“పెళ్ళిళ్ళలో మనకీ ఇదే చెప్తారు,” అంది మొగుడితో.

శ్రీను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేడమ్ చేతులు కట్టుకోవాలన్న సలహాని ఆ రోజు పక్కన పెట్టేశారు. “ఇంట్లో మాట్లాడే మనిషి మీ అత్తగారు ఒక్కరే. పాపకి మాట రావాలంటే ఆవిడ పొద్దస్తమానం దానితో మాట్లాడుతూనే ఉండాలి. మీరు సైగలు మానక్కర్లేదు. రెండూ పెరగనివ్వండి, ఎలా వస్తుందో చూస్తూ ఉంటాను.”

“మాటాడ్డానికేటి కరువు!” అంది సింహాచలమ్మ. వీధి కుళాయి దగ్గర రాటుదేలిన గొంతని వింటేనే తెలుస్తోంది, నాకూ ఆ విషయంలో అనుమానం లేదు.

సునీత సంతకానికి ముందు ఒక షరతు పెట్టింది. “అత్తమ్మ సైగలు నేర్చుకోవాలి. నేనే నేర్పుతాను.”

“ఈ వొయిసులో నాకు సదువేటే? పేడ పిసికిన సేతులియ్యి.”

“అలాంటి చేతులే కావాలి. వేళ్ళకి బలం ఉంటుంది,” అంది సునీత. నేను దీన్ని వీలైనంత కోడలి గొంతుతో చెప్పాను.

ఆపరేషన్ విశాఖలో జరిగింది. తర్వాత శ్రీకాకుళంలో మేడమ్ దగ్గరే ప్రాసెసర్ ఆన్ చేసిన రోజున నేనూ వెళ్ళాను. సినిమాలో అయితే పిల్ల కళ్ళు పెద్దవి చేసి తల్లిని కౌగిలించుకుంటుంది. జాను గుక్కపెట్టి ఏడ్చి, అయస్కాంతం పీకి మేడమ్ మీదకి విసిరింది. మేడమ్ సంతోషించారు. వినపడిందన్నమాట.

ఏడాదిన్నర తర్వాత, మ్యాపింగ్ కోసం మళ్ళీ శ్రీకాకుళం వచ్చారు. ప్రాసెసర్ ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా పంపాలో కంప్యూటర్‌తో సరిచేయడాన్ని మ్యాపింగ్ అంటారు. జాను మాట్లాడుతోంది. అన్ని మాటలూ స్పష్టంగా లేవు. ఉన్నవాటికి యాస మాత్రం గట్టిగా ఉంది. ఎక్కడో విదేశంలో తయారైన యంత్రం, అందులోంచి వచ్చేది అచ్చంగా ఆమదాలవలస. మేడమ్ పేరు పెట్టి పిలిస్తే “ఏటి?” అంటుంది. సింహాచలమ్మకి సైగలు వచ్చాయి, ముందు తిట్లు, తర్వాత మిగతావి. ఏ భాషకైనా అదే వరస.

మేడమ్ కంప్యూటర్ చూసుకుంటూ ఏదో అడిగారు. జాను ఏదో చెప్పింది. మేడమ్ పగలబడి నవ్వారు, సింహాచలమ్మ “నోరు ముయ్యే!” అంటూనే నవ్వింది. సునీత కూతురి భుజం తట్టి, ఏమైందని అడిగింది.

జాను ప్లాస్టిక్ ఉంగరాలు కొయ్యకి తొడుగుతోంది. పనిలో ఉంది. తల ఎత్తకుండానే అరచెయ్యి విదిలించింది.

సునీత ముఖం చూశాను. ఆ గదిలో ఏం జరిగినా చేతుల్లో పెట్టడం నా పని. జాను ఏమందో నేను విన్నాను కాబట్టి చేతులు ఎత్తాను. సింహాచలమ్మ నా మణికట్టు పట్టుకుని దించేసింది.

“నువ్వుండు బాబూ.” మనవరాలి ముందు నుంచి ఉంగరాలన్నీ లాగేసింది. గెడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. నోటితోనూ, ఆ మొరటు చేతులతోనూ ఒకేసారి అంది: “అమ్మ అడిగినాది. సెప్పే. మొత్తం సెప్పు.”

జాను మూతి ముడిచింది. నాన్నమ్మ వదల్లేదు. ఇక పిల్ల చేతులు ఎత్తి చెప్పడం మొదలుపెట్టింది. “రాత్రి నాన్నమ్మ గురక పెడుతుంది. అప్పుడు నేను చెవి తీసి మంచం కింద పెట్టేస్తాను.” ‘గురక’కి సైగ రాక, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, పొట్ట ఎగరేసి చూపించింది. చాలాసేపు పట్టింది. మేడమ్ కంప్యూటర్ వదిలేసి కూర్చున్నారు. బయట తర్వాతి పేషెంటు తలుపు తోసి చూసి వెళ్ళిపోయాడు.

సునీత నవ్వింది. నవ్వి, “మీ నాన్న కూడా పెడతాడట, పక్కింటివాళ్ళు చెప్పారు. నాకే ఇబ్బందీ లేదు,” అంది.

“ఏటన్నాది? ఏటన్నాది?” అని సింహాచలమ్మ నన్ను కుదిపింది. కోడలి చేతులు ఆవిడకి వేగంగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు సునీత అత్తగారి వైపు తిరిగి, మొదటినుంచి, మెల్లగా మళ్ళీ చెప్పింది.

ఇంప్లాంట్ మంచిదా, సైగలు మంచివా అని నన్ను చాలామంది అడుగుతారు. రెండింటివల్లా నాకు పని దొరుకుతుంది కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. ఆ కుటుంబం దగ్గర నాకు తెలిసిందల్లా ఇంతే: చెవి ఎవరిదైనా, చెయ్యి ఎవరిదైనా, అడిగిన మనిషికి మొత్తం చెప్పాలి. గంట పట్టినా సరే.