హెల్ప్ తెరిచిన సార్

మా కంప్యూటర్ సార్ పోయారు. మొన్న పొద్దున ఆ కబురు విన్న నాయన మగ్గం దిగి వచ్చి నాకు చెప్పాడు. ఆ రోజు మళ్లీ మగ్గమెక్కలేదు.

గద్వాలలో కంప్యూటరంటే వింతగా చూసే రోజుల్లో సార్ బస్టాండు దగ్గర చిన్న గదిలో మాకు పాఠం చెప్పేవారు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. మౌసు ముట్టేవారు కాదు. "నిన్న నడిచింది గద? నిన్నటికీ ఇయ్యాల్టికీ ఏం మారింది బిడ్డా?" అనేవారు. విని విని మాకు విసుగొచ్చేది.

అప్పట్లో నాయన చీరల అంచులు గీసే ప్రోగ్రాం కొన్నాడు. చాన్నాళ్లు ఖాళీగా ఉన్న మగ్గానికి కొల్లాపూర్ పెండ్లివారి చీరల పని దొరికింది. అంచు నేనే గీశాను. దాన్ని మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలకు సరిపడా గళ్లలోకి మార్చడం మాత్రం తెలియదు. ఆ పద్ధతంతా ప్రోగ్రాంతో వచ్చిన హెల్ప్‌లో ఉంది. హెల్ప్ నొక్కితే ఖాళీ కిటికీ తెరుచుకుంటుంది, కొన్న కొత్తలో వచ్చిన పేజీ ఇప్పుడు రాదు. అమ్మినవాడు ఫోనెత్తడు. సాయంత్రానికి అంచు సిద్ధం కాకపోతే ఆ చీరలు వేరేవాళ్ల మగ్గానికి పోతాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. పోయి సార్‌ను పిలుచుకొచ్చాను.

"జర కాలిక్యులేటర్ హెల్ప్ తెరువు," అన్నారు. తెరుచుకుంది. "సీడీలకెంచి మీ ప్రోగ్రాం హెల్ప్ ఫైలు మళ్ల వెయ్యి." వేశాను. మళ్లీ ఖాళీయే.

"హెల్ప్ చూపేది మంచిగనే ఉన్నది. ఫైలూ మంచిదే. ఇగ మిగిలింది అది కూసున్న జాగ. ఏం మారింది?"

నాయన నసిగాడు. "దసరాకు కంప్యూటర్‌కు గూడ పూజ చేసినం సార్. తెలుగుల శ్రీ అని ఫోల్డర్ చేపిచ్చి, అన్నీ అండ్లనే పెట్టిచ్చిన."

"గదే. ఈ హెల్ప్‌కు తెలుగు పేరున్న దారి తెల్వదు."

నాయన ముఖం చిన్నబోయింది. "తీసెయ్యాల్నా సార్?"

"ఎందుకు తీసేస్తం? గా శ్రీనే ఇంగ్లీషు అక్షరాలల్ల రాద్దాం. దేవునికి రెండూ వస్తయి."

పేరు మార్చి నొక్కాను. పేజీ వచ్చింది. అదృష్టం మీద వదలకుండా, ఒక్కొక్కటే పక్కకు పెడుతూ తప్పు దగ్గరికి నడిచి వెళ్లిన ఆ మనిషిని నోరు తెరుచుకుని చూశాను. ఈ రోజుకూ ఆ ఆశ్చర్యం తగ్గలేదు. అంచు సాయంత్రానికి పెండ్లివారికి చేరింది. చీరలు మా మగ్గం మీంచే దిగాయి.

ఆ అంచునే నాయన తర్వాత కండువాలకూ నేశాడు. మొన్న సార్ మీద ఒకటి కప్పాడు. ఎప్పుడూ వెనక్కి కట్టుకునే ఆ చేతులు మొదటిసారి ముందుకొచ్చి, ఆ అంచు కింద ఉన్నాయి.