జాబితాలో లేని కుట్టుమిషన్

నెట్‌లో ఏదైనా వస్తువు వెతికితే, కిందనే అంతకన్నా చవకైనవి చూపించే సైట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. తెనాలి నెట్ సెంటర్లో అలా వచ్చిన కుట్టుమిషన్ల జాబితాను ప్రింటు తీయించుకుని రేపల్లె రైలెక్కాను. ఎదుటి సీట్లో తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన ఆ కాగితం అడిగి తీసుకుని, చివరిదాకా చదివారు.

"పాతదానికి ఏంటి రోగం, బాబూ?"

"మా ఆవిడ సూది మార్చిన దగ్గర్నుంచీ దారం తెగుతోందండి."

"సూదికి ఒక పక్క చదునుంటుంది. అది ఇటు రావాల్సింది అటు వెళ్లుంటుంది. తిప్పి పెట్టమను. నలభై ఏళ్లుగా కుడుతున్నా, మొన్న నేనూ అలాగే పెట్టా!" అని నవ్వి వేమూరులో దిగిపోయారు.

ఇంటికెళ్లి సూది తిప్పి పెట్టాం. ఇప్పటికీ మా ఆవిడ ఆ మిషన్ మీదే కుడుతోంది. ఆ కాగితమూ వృథా పోలేదు. జాకెట్ మెడకు నమూనాగా కత్తిరించుకుంది.