అభ్యంతరం గలవారు

మొన్న సాయంత్రం అత్తాపూర్‌లో, ఫ్లైఓవర్ పిల్లర్ల కింద, దారికి అడ్డంగా ఆటో నిలిపిన ఒకతనితో గొడవపడుతూ, ఒక చేత్తో ఫోన్‌లో అతని నంబరు ప్లేటు ఫొటో తీస్తున్నాను. పక్కనున్న బేకరీలోంచి వేడి బిస్కెట్ల వాసన వచ్చింది. వెన్న, వెనీలా, అడుగున కాస్త మాడిన చక్కెర. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. అది చిన్నప్పుడు మా నాన్న చొక్కా వాసన.

నాన్న కాటేదాన్‌లో బిస్కెట్ల కంపెనీలో పనిచేసేవాడు. మేం శంషాబాద్‌లో, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద, ఒక్క గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. ఎండాకాలం పొద్దున విమానం తెల్లటి కడుపు కనబడగానే పిల్లలందరం వాకిట్లోకి ఉరికేవాళ్లం. దాని నీడ ఆరేసిన బట్టల మీదుగా, బోరింగు మీదుగా, పక్కింటి గోడ మీదుగా పాక్కుంటూ పోతుంటే దాన్ని కాలితో తొక్కినవాళ్లే గెలిచినట్టు. వానలు పడ్డాక కందుకూరు వైపు నుంచి మక్కబుట్టలు వచ్చేవి. బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది ఇస్తే పెదాలు మండుతున్నా వదిలేవాళ్లం కాదు. బతుకమ్మ పండుగకు అమ్మ చేసే మలీదముద్దల్లో బెల్లం ఎక్కడో ఒకచోట గడ్డగా తగిలేది, నేను ఆ గడ్డ కోసమే తినేదాన్ని. అమ్మ పుట్టింది కందుకూరు దగ్గరి పల్లెలోనే. అయినా ఆ ఊరి పేరు మక్కబుట్టలు కొనేటప్పుడు తప్ప మా ఇంట్లో వినబడేది కాదు.

ఎందుకంటే అమ్మ ఇంట్లో చెప్పకుండా నాన్నతో వచ్చేసింది. కాటేదాన్‌లో నాన్న స్నేహితుడి గదిలో, గోడకున్న దేవుడి పటం ముందు పుస్తె కట్టించుకుంది. కులం వేరు. విషయం తెలిసి అమ్మ వాళ్ల నాన్న, మా తాత, "నాకు బిడ్డే లేదు" అన్నాడట. మా దిక్కు పుస్తెలతాడుకు రెండు పుస్తెలుంటాయి, ఒకటి అత్తగారింటిది, ఒకటి తల్లిగారింటిది. అమ్మ తాడుకు ఒక్కటే ఉండేది. రెండోదాని చోట పసుపు దారం ముడి వేసుకునేది, పని చేసుకుంటూ మధ్యమధ్యలో దాన్ని వేళ్లతో తడుముకునేది.

అయ్యగారు మా ఇంటికి వచ్చింది అమ్మ జ్వరంతో దవాఖానలో పడి లేచిన ఏడాది. భీమవరం వైపు నుంచి మా బస్తీకి సువార్త పనికి వచ్చిన మిషనరీ ఆయన. ఆయనా, వాళ్లావిడా రోజూ జావ కాచి తెచ్చేవాళ్లు, క్రిస్మస్‌కు డబ్బా నిండా గులాబీపూల పిండివంట చేసి ఇచ్చారు. మెల్లగా మేం ఆదివారాలు ఆయన రేకుల షెడ్డులో ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాం. విమానం వచ్చినప్పుడల్లా ఆయన చదువుతున్న మాట మధ్యలో ఆపి, వేలు పేజీ మీద పెట్టి, చప్పుడు పోయేదాకా నిలబడి, సరిగ్గా ఆ మాట దగ్గరే మళ్లీ ఎత్తుకునేవాడు.

అమ్మానాన్నలు బాప్తిస్మం అడిగారు. ముందు పదిమంది ఎదుట పెళ్లి, తర్వాతే బాప్తిస్మం అన్నాడాయన. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒళ్లు మండిపోయింది.

"మా అమ్మకు పెండ్లయింది. నేను పుట్టిన గద" అన్నాను.

"పుట్టావమ్మా, గట్టిగానే పుట్టావు" అని నవ్వాడు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నిలబడి, "ఏంది సుజాతా, పెండ్లికి పూలు నీ బిడ్డనే చల్లుతదా?" అని అడిగేది. అమ్మ బకెట్ పెద్దగా చప్పుడు చేస్తూ లోపలికి వచ్చేసేది.

ప్రతి శనివారం అయ్యగారు మా చాప మీద కూర్చొని ఇద్దరినీ పెళ్లికి సిద్ధం చేసేవాడు. గొడవైతే ముందు ఎవరు మాట్లాడతారని ఒకసారి అడిగాడు. "ఆకలైనోళ్లు" అంది అమ్మ. నాన్న తలవంచుకొని నవ్వాడు. అలాంటి ఒక శనివారమే అయ్యగారు, కందుకూరు వెళ్లి మీ నాన్నగారికి చెప్పి వస్తానన్నాడు. అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"మా బాపు వస్తే లొల్లి చేస్తడు అయ్యగారు. అభ్యంతరమంటే మీరే ఆపేస్తరు. ఇగ పెండ్లి లేదు, బాప్తిస్మం లేదు."

"దొంగచాటు పెళ్లి ఒకసారి అయింది కదమ్మా. చాలు."

టీవీఎస్ మీద వెళ్లి, సాయంత్రానికి ఎర్రమట్టి కొట్టుకుపోయి వచ్చాడు. ఏమన్నాడని అమ్మ అడగలేదు. ఆయనే చెప్పాడు. "మజ్జిగ ఇచ్చారు. మాట ఇవ్వలేదు."

వాళ్ల పద్ధతిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అందరి ముందూ ప్రకటన చదవాలి. శ్రీనివాసుకును సుజాతకును వివాహము జరుగనైయున్నది, అభ్యంతరము గలవారు తెలియజేయవలెను. మొదటి ఆదివారం ఆ మాట వినగానే అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు అచ్చు పడింది. ఎవరూ లేవలేదు. రెండో ఆదివారమూ లేవలేదు. మధ్యలో వారమంతా ఇంట్లో కూరలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలే లేదు. గేటు చప్పుడైతే అమ్మ స్టవ్ ఆపేసి వినేది.

మూడో ఆదివారం నాన్న రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా ఆ వాసన, జేబులో నాకోసం విరిగిన బిస్కెట్ల పొట్లం. అయ్యగారు "అభ్యంతరము" అన్న మాట దాకా వచ్చాడో లేదో పైన విమానం. రేకులు వణికాయి. ఆయన వేలు పేజీ మీద పెట్టి ఆగాడు, మేమంతా ఆగాం. చప్పుడు పోయింది. "గలవారు" అన్నాడు.

"ఉన్నది."

తలుపు దగ్గర తలకు తువ్వాలు చుట్టిన ముసలాయన. అమ్మ నిలబడిన తీరు చూసి తాత అని నాకు తెలిసింది. నాన్న ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"దీని లగ్గమయ్యి పదేండ్లాయె" అన్నాడు తాత, అయ్యగారి వైపే చూస్తూ. "మల్ల లగ్గమేంది? గిన్నొద్దులు లగ్గం లేకుంటనే సంసారం చేసిందా నా బిడ్డ? గట్లయితే గా పోరి ఎవరి బిడ్డ?"

తాత వేలు నా వైపు ఉంది. నా పిడికిట్లో బిస్కెట్లు పొడైపోయాయి. అప్పుడు అమ్మ, చాలా నెమ్మదిగా, "లగ్గమైందని గీ మాట అప్పుడే అనకపోతివి బాపూ" అంది.

తాతకు తనేమన్నాడో అప్పుడు తట్టినట్టుంది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"గిప్పుడంటున్న గద."

అయ్యగారు పుస్తకం మూశాడు. "మీ అభ్యంతరం సబబేనండి. ఈ పెళ్లి నేను చెయ్యను. అయిందని మీరే అన్నారు కాబట్టి, ఆ పెళ్లిని అందరి ముందూ దీవిస్తాను. రండి, ముందు వరసలో కూర్చోండి."

"నేను కూసోను" అని తాత వెళ్లిపోయాడు.

దీవెన రోజున మళ్లీ వచ్చాడు, కానీ లోపలికి రాలేదు. అమ్మే బయటికి పోయింది. తమలపాకులో చుట్టిన పుస్తె ఆమె చేతిలో పెట్టి, "నా దేవుడు నాకున్నడు. నీది నువ్వు చూస్కో" అన్నాడు. బాప్తిస్మానికి రానే రాలేదు.

బాప్తిస్మం ఒక జామతోటలోని నీళ్ల హౌజులో. నాచు వాసన, పండి రాలిన జామకాయల మీద ఈగలు. సంఘంలో పెద్దవాళ్లు ఇద్దరు, అవి పాత మతం గుర్తులని, పుస్తెలు తీసి దిగాలన్నారు. అమ్మ ఒక మెట్టు వెనక్కి ఎక్కింది. అయ్యగారు నడుముల్లోతు నీళ్లలో నిలబడే, "రెండు పుస్తెల బరువుకి ఎవరూ మునిగిపోరు లెండి" అన్నాడు. అమ్మ రెండూ పిడికిట్లో పట్టుకొని మునిగి లేచింది. తర్వాత నాన్న. తడిసిన నాన్నను కరుచుకుంటే ఆ ఒక్కరోజు బిస్కెట్ల వాసన లేదు.

ఆటో అతన్ని వదిలేసి, అక్కడే నిలబడి ఫోన్‌లో మ్యాపు తెరిచి షెడ్డు కోసం వెతికాను. ఆ చోట అద్దె కార్ల పార్కింగు ఉంది. జామతోటలో హోటల్ లేచింది. అయ్యగారు తన ఊరికి పోయి అక్కడే కన్నుమూశాడు. తాత పోయాడు, ఆయన మక్కచేను ప్లాట్లయింది. నాన్న పనిచేసిన కంపెనీ షట్టరు దించేసి చాలా ఏళ్లయింది. అమ్మ తాడుకు రెండు పుస్తెలూ ఉన్నాయి. ఇప్పటికీ తడుముకునేది రెండోదాన్నే.

స్నేహితుల పెళ్లిళ్లకు చర్చికి వెళ్తుంటాను. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగినప్పుడు అందరూ పెళ్లికూతురి వైపు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. నేను ఫోన్ దించి తలుపు వైపు చూస్తాను.