పదహారు మీద తిరిగిన రికార్డు

పుంగనూరులో నడివేసవి మధ్యాహ్నాలు, వీధి కుక్క కూడా నీడ వదిలి కదలని వేళ, నూర్ అహ్మద్ ఇంట్లో మాత్రం వాన కురిసేది. రెండు నిమిషాలు కురిసి ఆగిపోయేది. అది ఒక రికార్డు చివర పడే వాన. ఆ వానను ఏడేళ్లు ఇద్దరు విన్నారు. ఆ తరువాత ఒక్కడే విన్నాడు.

నూర్ అహ్మద్ పెళ్లి బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఆయన ముందు నడవగా సాగిన ఊరేగింపులు ఎన్నో ఆయనకే గుర్తులేదు. ఎర్రకోటు, భుజాల మీద వెలిసిన జరీ కుచ్చులు, కోటుకు ఏమాత్రం పొంతన లేని రబ్బరు చెప్పులు. ఊరేగింపు కల్యాణమంటపం చేరాక బ్యాండువాళ్లు జనరేటరు పక్కకు వెళ్లి నిలబడాలి. పంక్తులన్నీ లేచాక, వంటవాళ్లతో కలిసి తినాలి. ఎంత బాగా వాయించినా వాళ్లకు చప్పట్లు కొట్టే అలవాటు ఈ మూడు ఊళ్లలో ఎవరికీ లేదు. ఇది ఎక్కడా రాసి లేని నియమం. రాసి లేదు కనుకనే దాన్ని కొట్టివేయడం ఎవరికీ సాధ్యపడలేదు.

1991లో మదనపల్లె శివార్లలోని ఒక పాత క్షయ ఆసుపత్రిలో, ఒకప్పుడు విదేశీ డాక్టర్లు నివసించిన బంగళాను ఖాళీ చేసి సామాను వేలం వేశారు. వచ్చినవాళ్లంతా బీరువాల కోసం, టేకు మంచాల కోసం వచ్చారు. జాబితా చివర మిగిలిన రికార్డు ప్లేయరును, పదకొండు రికార్డులున్న చెక్కపెట్టెను ఎవరూ అడగలేదు. ఆ దారిన ఒక పెళ్లికి పోతూ ఆగిన నూర్ అహ్మద్‌కు పెట్టెలో పైనున్న అట్ట కనబడింది. దాని మీద ఒక నల్లజాతి మనిషి, కోటు తొడుక్కుని, కళ్లు మూసుకుని, క్లారినెట్టు పట్టుకుని ఉన్నాడు. కోటు వేసుకున్న క్లారినెట్టు మనిషిని, అది కూడా ఎవరి ముందూ నడవకుండా దర్జాగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నూర్ అహ్మద్ అంతవరకు చూసి ఉండలేదు. ప్లేయరును, పెట్టెను రెండింటినీ కొని ఆయన భుజానికెత్తుకున్నాడు.

ప్లేయరు తిరగలేదు. దాన్ని తువ్వాలులో మూటగట్టి, కుప్పం స్టేషను దగ్గర రేడియోలు బాగుచేసే హనుమంతు దగ్గరికి బస్సులో తీసుకుపోయాడు. హనుమంతు వయసులో ఉన్నప్పుడు కోలారు గనుల క్లబ్బులో మైకులు బిగించిన మనిషి. ప్లేయరు మీద నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే 16, 33, 45, 78 అని నాలుగు అంకెలు, వాటి మధ్య జరిగే ఒక మీట ఉన్నాయి. హనుమంతు రెండు గంటలు కుస్తీ పట్టి చివరికి తేల్చిచెప్పాడు.

"లోపల రబ్బరు చక్రం అరిగిపోయినాది, నూర్ భాయ్. పదహారు కాడ ఒక్కచోటే పట్టుకుంటాండాది. మీటను ఆడనే తీగతో కట్టేసినా. నువ్వు దాని జోలికి పోవాకు."

రికార్డులు పుంగనూరులో ఉండిపోయాయి కనుక, పాట వినకుండానే, ప్లేటు తిరిగితే చాలని ఇద్దరూ తృప్తిపడ్డారు. ఆ రికార్డులన్నీ ముప్పై మూడు మీద తిరగవలసినవి. పదహారు మీద పెడితే పాట సరిగ్గా సగం వేగానికి పడిపోతుంది, గొంతు ఒక స్థాయి కిందికి దిగుతుంది. స్వరాలు మారవు, నడక ఒక్కటే మారుతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో పదమూడేళ్లు ఎవరికీ తెలియదు.

మొదటిరోజు విన్న ఆయన భార్య మరియం, దొరలకు ఇంత నింపాదిగా పాడుకునే తీరిక ఎక్కడిదని అడిగింది. వాళ్లది చలిదేశమని, వేళ్లు కొయ్యబారి ఉంటాయని నూర్ అహ్మద్ జవాబు చెప్పాడు. ఆమె నమ్మింది. కాసేపటికి ఆయన కూడా నమ్మాడు.

పదకొండింటిలో నాలుగు ఏవో పాత విదేశీ సినిమాల నేపథ్య సంగీతం. మాటలుండవు. మాటల్లేని సినిమాపాటను ఊరికే వినడం మరియంకు చేతకాలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ కథ తనే చెప్పేది. ఇదిగో ఇప్పుడు హీరో బస్సు దిగినాడు, ఇప్పుడు వాళ్లమ్మకు జ్వరం, ఇప్పుడు ఆ పిల్ల తలుపు తీయకుండా లోపలినుంచే మాట్లాడుతూ ఉండాది. సంగీతం అంత నెమ్మదిగా నడిచేది కనుక ఆమె కథల్లో ఎవరూ తొందరపడేవాళ్లు కాదు. హీరో బస్సు దిగడానికే సగం పాట పట్టేది.

మిగిలిన ఏడింటిలో ఒకదానికి అట్ట లేదు. ఆసుపత్రివాళ్లు దాన్ని ఒక ఎక్స్‌రే కవరులో పెట్టారు. మధ్యలో ఉండవలసిన పేరు మీద వాళ్ల లైబ్రరీ కాగితం అతికి ఉంది. దాని చివరి పాటను క్లారినెట్టుకు పెద్దన్న లాంటి ఏదో బరువైన వాద్యం మీద ఎవరో వాయించాడు. ఒక్కొక్క స్వరం చెప్పాలా వద్దా అని ఆగి ఆగి అడుగు వేసేది. నడుమ ఎక్కడో గొంతు పట్టేసిన మనిషి మూలిగినట్టు ఒక ధ్వని. చిట్టచివర, వాద్యం ఆగిపోయాక, వాన.

ఆ వానను మొదటిసారి విన్నప్పుడు మరియం వంటింట్లో ఉంది. "పానీ ఆరా జీ," అంటూ దండెం మీది బట్టలు తేవడానికి పెరట్లోకి పరుగెత్తింది. పెరట్లో పెటపెటలాడే ఎండ. వెనక్కి వచ్చి, చేతినిండా ఎండిన బట్టలతో గడపలోనే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆనాటి నుంచి అది వాళ్ల ఆట. వాన మొదలైతే చాలు, ఆమె ఆ మాటే అని లేచేది. దండెం మీద ఒక్క చేతిరుమాలే ఉన్నా సరే, తీసుకొచ్చేది.

ఆ పాటను నూర్ అహ్మద్ ఏడాదిపాటు సాధన చేసి క్లారినెట్టు మీదికి తెచ్చుకున్నాడు. పెళ్లికూతురు కారెక్కే సమయంలో వాయించడం మొదలుపెట్టాడు. అది ఎవరిదో, ఏ దేశానిదో తెలియకపోయినా, ఆ పాట వినబడితే ఆడవాళ్ల చెంగులు కళ్ల దగ్గరికి పోయేవి. పల్లెల్లో దానికి నూర్ భాయ్ పాట అని పేరు పడింది. తంబళ్లపల్లెవాళ్లు తాంబూలాల రోజునే ఆ పాట ఉండాలని చెప్పి పంపేవారు.

1998లో మరియం మూడురోజుల జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. నలభై రోజులు చుట్టాలు వచ్చారు, తరువాత రాలేదు. వాళ్ల తప్పేమీ లేదు. ఎవరి ఇల్లు వాళ్లకు ఉంది. నూర్ అహ్మద్‌కు ఇక మాట్లాడటానికి ఆ ఎక్స్‌రే కవరులోని మనిషే మిగిలాడు. ఆయనకు ఒక నమ్మకం ఏర్పడింది. అలా వాయించినవాడు ఎవరినో పోగొట్టుకుని ఉండాలి. వానలో ఒంటరిగా కూర్చుని వాయించి ఉండాలి. లేకపోతే అన్ని స్వరాలు అలా అడుగు తీయడానికి వెనకాడవు. వాడు ఎవరు, వాడికి ఎవరు పోయారు అన్నది తెలుసుకోవడమే ఆయనకు మిగిలిన ఏకైక కోరిక. తెలిస్తే ఏం చేస్తావని బ్యాండు మాస్టరు అమ్జద్ అడిగాడు.  నూర్ అహ్మద్‌కు తన దుఃఖానికి ఈ భూమ్మీద ఇంకొక సాక్షి ఉన్నాడని రూఢి అయితే చాలు. ఆ సంగతి అమ్జద్‌కు ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

2004 మాఘమాసంలో మదనపల్లెలో ఒక పెళ్లి. పెళ్లికూతురు కారెక్కింది, పాట అయిపోయింది. క్లారినెట్టు తుడుచుకుంటున్న ఆయన దగ్గరికి ఒక ముప్పై ఏళ్ల ఆమె వచ్చింది. అంగళ్లు ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రసన్నలక్ష్మి. బెంగుళూరులో చదివేటప్పుడు ఆమె ప్రొఫెసరు ల్యాబులో పాత జాజ్ ఆల్బములు పెట్టుకుని పని చేసేవాడట. ఈ పాటలో ఏదో తెలిసిన మలుపు ఉందని, ఎక్కడ విన్నదో పట్టుకోలేకపోతున్నానని ఆమె చెప్పింది. తుడుపుగుడ్డ జేబులో పెట్టుకుని, అది ఎవరి పాటో తెలిస్తే కబురు పంపమని నూర్ అహ్మద్ అడిగాడు.

నెల తిరగకముందే ఆమె దగ్గరనుంచి కబురు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఆయన తెల్లచొక్కా వేసుకుని, ఎక్స్‌రే కవరును గుండెకు ఆనించి పట్టుకుని, అంగళ్లులో బస్సు దిగాడు. ఖాళీ ల్యాబులో ఆమె కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసింది. పాటను గుర్తుపట్టి తన ప్రొఫెసరు పంపిన సీడీ పెట్టింది.

డ్రమ్ములు దౌడు తీశాయి. వాటి మీద ఒక క్లారినెట్టు, అచ్చం ఆయనది లాంటి మామూలు క్లారినెట్టే, గంతులు వేస్తూ పరుగెత్తింది. ఇది తనది కాదని చెప్పబోయాడు నూర్ అహ్మద్. కానీ మోకాలి మీద ఆయన వేళ్లు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. నోరు కాదంటూ ఉండగానే వేళ్లు ఒప్పుకున్నాయి. ప్రతి స్వరమూ అదే. నడుమ ఎవరో కిలకిలా నవ్వారు. మూలుగు ఉండవలసిన చోట, సరిగ్గా ఆ చోటనే. నాలుగు నిమిషాల్లో పాట అయిపోయింది. ఆ వెంటనే గదంతా నిండిపోయేలా ఒక హోరు.

"ఆ సప్పుడు ఏందమ్మా?"

"చప్పట్లు, భాయ్. జనం ముందర వాయించినారు గదా."

"వాన కాదా?"

ఆమెకు అర్థం కాలేదు. కాదన్నట్టు తల ఊపింది. ఆయన అసలు ప్రశ్న అడిగాడు.

"వానికి ఎవరు పోయినారమ్మా?"

ఆమె సీడీలోని చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివింది. అబద్ధం చెప్పడానికి ఒక క్షణం వెతికి, చేతకాక మానుకుంది.

"ఎవురూ పోలేదు, భాయ్. ఇది డ్యాన్సు పాట. ఎండాకాలం ఒక సాయంత్రం, తోటలో, వెయ్యిమంది ముందర వాయించినారంట."

ఆయన ముఖం చూసి ఆమె గబగబా ఏవో మీటలు నొక్కి అదే పాటను సగం వేగానికి తగ్గించింది. పుంగనూరు ఇంట్లోని పాట, ఆ మూలుగుతో, ఆ వానతో సహా, ల్యాబులోకి వచ్చింది. ఒక్క స్వరం కూడా మీరు తప్పుగా నేర్చుకోలేదని ఆమె చెప్పింది. నిదానం పాటను ఆ దేశంలో ఎవరూ వాయించలేదు, ఇది ఎవరి పాట అని అడిగితే మీదేనని చెప్పాలి అన్నది. ఆ మాట న్యాయమైనదే. ఎక్కడ వాదించినా నిలబడుతుంది. కానీ నూర్ అహ్మద్ అంత దూరం వచ్చింది హక్కు కోసం కాదు, తోడు కోసం. ఆ తోడు వెయ్యిమంది మధ్య నవ్వుతూ, చప్పట్లు కొట్టించుకుంటూ ఉన్నాడు. ఆమె ఒక కాగితం మీద వాడి పేరును తెలుగులో రాసి ఇచ్చింది. ఆయన దాన్ని కవరులో పెట్టుకుని, సలాం చెప్పి, బస్సెక్కాడు.

తరువాతి పెళ్లి ఊరేగింపులో ఆయన ఆ పాటను అసలు వేగంతో వాయించి చూశాడు. కొత్తదా మామూ అని అమ్జద్ అడిగాడు. కుర్రకారు నాలుగు చిందులు వేసి మరిచిపోయింది. అరవై దాటిన ఊపిరి సగంలోనే నిలిచిపోయింది. పెళ్లికూతురు కారెక్కే వేళకు తల్లి అక్కమ్మ కన్నీళ్లతోనే కోప్పడింది. "నూర్ భాయ్ పాట యాడప్పా? అది లేకుండా బిడ్డను ఎట్ల పంపేది?" ఆయన నిదానంగా వాయించాడు. ఆమె ఏడ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి, వాయిస్తూ ఉండగా ఆయనకు అవతలి వైపు వానలో కూర్చున్నవాడు కనబడలేదు.

వారం తరువాత ప్లేయరును మళ్లీ తువ్వాలులో కట్టుకుని కుప్పం వెళ్లాడు. జరిగింది విని హనుమంతు నెత్తి బాదుకున్నాడు.

"పదమూడేండ్లు దొరను ఎద్దులబండి ఎక్కించి తిప్పినాం గదప్పా," అన్నాడు. సొరుగు తెరిచి, ఈమధ్యే బెంగుళూరు నుంచి తెప్పించిన కొత్త రబ్బరు చక్రాన్ని బల్ల మీద పెట్టాడు. "ఐదు నిమిషాల పని. ఏసేద్దునా?"

చక్రం నల్లగా, మెత్తగా ఉంది. నూర్ అహ్మద్ దాన్ని వేలితో తాకి చూశాడు. అది బిగిస్తే పాట పరుగెత్తుతుంది. ఆ మనిషి నవ్వుతాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ జనంలో మరియం లేదు. ఆమె ఎప్పుడూ చప్పట్లు వినలేదు.

"వద్దప్పా," అన్నాడు. "వాన పోతాది."

హనుమంతు అర్థం కానట్టు చూశాడు.  తీగ వదులైందని దాన్నే ఇంకొక చుట్టు బిగించి, మీటను పదహారు మీదనే కట్టి ఇచ్చాడు.

మరునాటి మధ్యాహ్నం, నమాజు అయ్యాక, నూర్ అహ్మద్ ఎక్స్‌రే కవరు విప్పాడు. పేరు రాసిన కాగితం జారి కింద పడితే తీసి, చదవకుండా మళ్లీ లోపల పెట్టాడు. ఎనిమిది నిమిషాలు పాట నడిచింది. ఆగి ఆగి, ఒక్కొక్క అడుగూ ఆలోచించుకుంటూ. అది వెయ్యిమంది ముందు ఆడిన నాట్యమని ఆయనకు తెలుసు. మూలిగేది నవ్వు అని కూడా తెలుసు. వాద్యం ఆగింది. హోరు మొదలైంది.

ఆయన లేచాడు. పెరట్లో నిప్పులు చెరిగే ఎండ, మబ్బు తునక లేని ఆకాశం. దండెం మీద ఒకే ఒక్క లుంగీ, ఎప్పుడో ఎండిపోయి గాలికి బిరుసుగా ఊగుతూ ఉంది. "పానీ ఆరా," అని మెల్లగా తనలో తాను అనుకుని, ఆయన దాన్ని తీసి మడతపెట్టుకుని, తడవకుండా లోపలికి తెచ్చాడు.