నా రక్తం ఎక్కువైన సంగతి

తోటపల్లి గూడూరులో నాది రొయ్యల మేత అమ్మే అంగడి. యాభై దాటిన ఏడాది నా ముఖం ఎర్రబడడం మొదలైంది. ఎండ దెబ్బ అనుకున్నాను. పగలంతా రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే వాళ్ళకు ముఖం నల్లబడుతుంది గాని ఎర్రబడదని మా ఆవిడ అంది. కళ్ళు కూడా ఎర్రగా ఉండేవి. మధ్యాహ్నానికి తల బరువెక్కి నడక కాస్త తూలేది.

ఇలాంటి మనిషి ఎదురైతే నేనైనా ఒకటే అనుకుంటాను. కాని నేను మా చర్చిలో సంఘపెద్దను. తాగుడు మానమని కుర్రాళ్ళకు చెప్పే పని నాదే.

ఒక ఆదివారం పాస్టరు గారు ఇంటికి వచ్చారు. కుర్చీ నాకు మరీ దగ్గరగా జరుపుకొని ప్రార్థన మొదలుపెట్టారు. "ఈ బిడ్డను బలహీనతల నుండి విడిపించుము తండ్రీ" అన్న చోట ఆయన ముక్కుతో గట్టిగా గాలి పీల్చడం వినిపించింది. కళ్ళు తెరిస్తే ఆయన ముఖం నా నోటికి జానెడు దూరంలో ఉంది. "ఆమేన్" అన్నాను గట్టిగా. అప్పుడే తిన్న చేపల పులుసు వాసన తప్ప ఆయనకేమీ దొరకలేదు. అయినా చెప్పులు వేసుకుంటూ, "ఏదున్నా నాతో చెప్పుకోండి బ్రదర్, మనసులో పెట్టుకోబాకండి" అన్నారు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ తలుపేసి ఏడ్చింది. "దగ్గు మందు పోస్తేనే ముఖం తిప్పుకునే మనిషిని పట్టుకోని ఎంత మాట!"

దానికి తోడు స్నానం ఒక శిక్ష అయింది. వేడినీళ్ళు పోసుకుంటే ఒళ్ళంతా చీమలు కుట్టినట్టు దురద. తువ్వాలు కట్టుకొని పెరట్లో కొబ్బరి చెట్టుకు వీపు రుద్దుకుంటుంటే, పక్కింట్లో ఉండే చేపలమ్మే అక్క గోడ మీదుగా చూసి, "ఏందన్నా, ఎనుముగొడ్డు మాదిరిగా! చెట్టు పడిపోద్ది" అంది.

నెల్లూరు తీసుకుపోయి పరీక్ష చేయించింది మా ఆవిడే. ల్యాబు వాళ్ళు మిషను చెడిపోయిందనుకొని రక్తం రెండోసారి తీశారు. మిషను బాగానే ఉంది. అక్కణ్ణుంచి రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె ఇంకో పరీక్ష రాసి, దాని ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టింది.

"మీకు రక్తం ఎక్కువైంది" అంది.

రక్తం తక్కువైన వాళ్ళను చూశాను గాని ఎక్కువైన వాళ్ళ గురించి నేనెప్పుడూ వినలేదు. రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయట. రక్తం చాలనప్పుడు మూత్రపిండాలు కబురు పంపుతాయట. ఆ కబురును కణం లోపలికి చేరవేసే ప్రొటీను ఒకటుంది, దాని పేరు జాక్. నా మూలుగలో ఆ ప్రొటీనుకు చిన్న తప్పు దొర్లింది. ఏ కబురూ రాకపోయినా వచ్చిందనే లోపలికి చెబుతూ ఉంది.

"స్టార్టరు అతుక్కుపోయిందన్నమాట" అన్నాను. గుంటల దగ్గర మాకది మామూలే. స్విచ్చి కట్టేసినా మోటారు ఆగదు.

"కరెక్టుగా అదే" అని డాక్టరమ్మ సంతోషపడింది. తర్వాత గొంతు తగ్గించి, ఇదీ రక్త క్యాన్సర్ల జాతిలోదేనని, కాని చాలా నెమ్మదైన రకమని, రక్తం చిక్కబడి గడ్డకట్టకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి బతకొచ్చని చెప్పింది. అప్పుడప్పుడూ ఒక సంచి రక్తం తీసెయ్యాలి, రోజూ చిన్న మాత్ర వేసుకోవాలి.

తిరుగు బస్సు ఎక్కాం. క్యాన్సరన్న మాట ఒకటే చెవిలో మోగుతోంది. మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆమెకూ అదే దిగులనుకున్నాను. ఊరు దగ్గర పడ్డాక ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని ముఖంలో గెలుపు కనబడుతోంది.

"పాస్టరయ్యగారితో నేను చెప్తాను. మీరు నోరు తెరవబాకండి" అంది.

చెప్పింది, రిపోర్టు చేతికిచ్చి మరీ. పాస్టరు గారు పాపం ఎంత నొచ్చుకున్నారంటే, మరుసటి ఆదివారం సంఘమంతటికీ నా జబ్బు వివరించబోయారు. మూలుగ దాకా బాగానే వెళ్ళి, తర్వాత దారి తప్పారు. "మన సహోదరునిలో జాక్ అనేవాడు చేరి ఇబ్బంది పెడతా ఉన్నాడు" అన్నారు. వెనక వరుసలోని ముసలమ్మ చేతులెత్తి, "వాణ్ణి వెళ్ళగొట్టుము ప్రభువా" అని పెద్దగా ప్రార్థన అందుకుంది.

మొదటిసారి రక్తం తీయించుకొని వచ్చిన మర్నాడే చిల్లకూరు నుంచి మా అత్తగారు దిగింది. మునగాకు, ఖర్జూరాలు, మేక కార్జం, ఇవిగాక రక్తం పట్టే టానిక్కు సీసా తెచ్చింది.

"ఉన్న రక్తం తీసి పారేసేది ఏం వైద్యం అబ్బయ్యా?"

"ఎక్కువైంది అత్తా."

"ఎక్కువైతే ఉండనీ. కూడా, గుడ్డా?"

ఆ మాటకు అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. అత్తగారు స్వయంగా గ్లాసులో పోసి ఇచ్చిన టానిక్కును కాదనే అల్లుడు మా వైపు పుట్టలేదు. తాగాను. ఆమె వెళ్ళేదాకా తాగుదామనుకున్నాను, ఆమె వెళ్ళలేదు.

మళ్ళీ పరీక్షకు పోతే రక్తం పైకెక్కి కూర్చుంది. "ఏం తింటున్నారు?" అంది డాక్టరమ్మ. వెంట వచ్చిన అత్తగారు ముందుకు జరిగి ఒక్కటీ వదలకుండా గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"అమ్మా, రక్తం తయారవాలంటే ఇనుము కావాలి. మేమిక్కడ దాన్ని తగ్గిస్తుంటే మీరు ఇంట్లో సరుకు అందిస్తున్నారు. కార్జం ఎప్పుడన్నా తింటే తిననీండి. ఆ టానిక్కు మాత్రం వద్దు."

అత్తగారు చిన్నబోయింది. "మాకెవురు చెప్పినారు తల్లీ?" అంది. అంతలో డాక్టరమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసి, తెల్లగా ఉందని ఆమెకూ పరీక్ష చేయించింది. నాకెంత ఎక్కువో ఆమెకంత తక్కువ.

"ఆ సీసా మీరే తాగండి."

"థూ, తుప్పు నాకినట్టుంటది, నేను తాగలేను!" అంది, తియ్యగా ఉంటుందని చెప్పి నాకు పోసిన మనిషి. ఇంటికొచ్చాక మా ఆవిడ వాళ్ళమ్మ ముక్కు పట్టుకుంటే నేను పోశాను.

ఇప్పుడు నెల్లూరుకు ముగ్గురం కలిసే వెళ్తున్నాం. నా సంచి నిండేంతసేపూ అత్తగారు మంచం పక్కనే నిలబడి దాన్నే చూస్తుంటుంది. కిందటిసారి, "పారబోసేదేనా? నాకెక్కించరాదా?" అని నర్సును అడిగింది. జబ్బు మనిషి రక్తం ఎవరికీ పనికిరాదని నర్సు చెప్పింది. అత్తగారు నా వైపు వంగి, "మంచి రక్తమే అబ్బయ్యా, చూస్తే తెలస్తా ఉంది" అంది మెల్లగా.