యోహాను అన్న రాసిన ఆ ఒక్క లైన్

నిన్న తెల్లారేసరికి వదిన ఫోన్. "మీ అన్న ప్రభువులో నిద్రించాడమ్మా" అంది.

గుండెపోటట. మొన్న ఆదివారం చర్చిలో నవ్వుతూ మాట్లాడాడే!

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. అరకులో మా మిషన్ ఆసుపత్రికి ప్రోగ్రాం రాసిచ్చిన మనిషి. నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్‌ని. పెదబయలు క్లినిక్ వాళ్ళు జీపు కావాలని మెసేజ్ పెడితే నా స్క్రీన్ మీద పడాలి. మోడెం కీచుమనే రోజులవి.

అన్న దాన్ని ఇంట్లో లైనక్స్ మీద రాశాడు. ప్రోగ్రాం ఆగిపోతే మెసేజ్‌లు వచ్చే అదే ద్వారం, అంటే అదే పోర్ట్ మీద, వెంటనే మళ్ళీ లేవాలని కోడ్‌లో ఒక లైన్ పెట్టాడు. లైనక్స్‌లో ఆ లైన్ ఉన్నా, ప్రోగ్రాం ఒకటి నడుస్తుండగా అదే ప్రోగ్రాం రెండోసారి తెరుచుకోదు. పోర్ట్ ఖాళీ లేదంటుంది.

మా ఆసుపత్రిలో విండోస్. అక్కడ అదే లైన్‌తో రెండూ తెరుచుకుంటాయి. మెసేజ్ ఏ దాంట్లో పడుతుందో దేవుడికే తెలియాలి.

ఈ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తెలీదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం. ఆ రోజు అన్న పని మీద పెదబయలు క్లినిక్‌లోనే ఉన్నాడు. కాన్పుకొచ్చిన ఒకామెకి రక్తం ఆగడం లేదు. తనే మెసేజ్ పెట్టాడు. గంట చూసి, మోడెం తీసేసి, అదే టెలిఫోన్ తీగ మీద నాకు ఫోన్ చేశాడు.

"గుంటా, జీపు బయల్దేరిందేటి?"

"ఏ జీపన్నా? మెసేజేటీ రాలేదు."

"సేరిందని సూపిత్తంది కదే!"

స్క్రీన్ మీద విండో పక్కకి జరిపితే, దాని కింద అలాంటిదే ఇంకోటి.

మెసేజ్ అందులో ఉంది. గంట నుంచీ ఉంది.

జీపు వెళ్ళింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

అరకు తిరిగి రాగానే అన్న మెల్లగా అడిగాడు, "రెండుసార్లు తెరిసినావేటే?"

"లేదన్నా" అన్నాను.

తెరిచాను. మెషిన్ స్లోగా ఉందని విసుగొచ్చి మళ్ళీ నొక్కాను. ఉద్యోగం పోతుందని భయం. ఆ బిడ్డ ఉసురు నాకు తగులుతుందని ఇంకా భయం.

నా మాట నమ్మాడు పిచ్చి మనిషి. దానంతటది ఎలా తెరుచుకుందా అని మూడు రోజులు తిండి మానేసి వెతికాడు. చివరికి ఆ లైన్ దొరికింది. డాక్టరమ్మ ముందు, నర్సుల ముందు "తప్పు నాదే" అన్నాడు.

అప్పటి నుంచీ ఏ మెసేజ్ పంపినా వెనకాలే ఫోన్ చేసేవాడు. "అందిందా? నిజంగా నీ కళ్ళతో సూసినావా?" ఇవాళ చెప్పేద్దాం అని ప్రతిసారీ అనుకునేదాన్ని. నోరు పెగిలేది కాదు.

నిన్న సాయంత్రం అన్న శవపెట్టె పక్కన నిలబడి కూడా పెగల్లేదు.

అందుకే ఇది అందరూ చూసేలా రాసి పెడుతున్నాను. వదిన చదువుతుంది. చదవనీ.

రెండోసారి నొక్కింది నేనే అన్నా.

ఆ బిడ్డ బరువు నీ ఒక్కడి మీదే వేసి పంపను. సగం నాది. నువ్వు ప్రశాంతంగా పడుకో.